అద్దానికి అవతల

అక్క పట్టుబట్టడంతో మెకానిక్ ఆమెతోపాటు మళ్లీ ఆ దుకాణం మెట్లెక్కాడు. బావ పోయి నెల దాటింది. ఆయన పేరుమీద ఊరి గాలింపు బృందానికి చీకట్లో మనుషుల్ని చూపించే యంత్రం ఇంకోటి ఇవ్వాలని ఆమె కోరిక.

మొదటిదాన్ని ఎంచి తెచ్చింది అతనే. బావ వ్యాను లోయలో పడిన రాత్రి గట్టుమీద నిలబడి దాంతో చూసిందీ అతనే. ఇంజను ఒక్కటే వేడిగా వెలిగింది, మిగతాదంతా నలుపు. "లోపల ఎవరూ లేరక్కా, దూకేసుంటాడు" అని ఫోనులో చెప్పి, మనుషుల్ని అడవివైపు మళ్లించాడు. తెల్లారాక బావ వ్యానులోనే దొరికాడు. పడగానే ప్రాణం పోయిందని అక్కకు చెప్పారు. వేకువదాకా ఊపిరి ఉండుంటుందని డాక్టరు మెకానిక్ చెవిన వేశాడు. అప్పటినుంచి అతనికి తిండి సయించడం లేదు. యంత్రానికి ఎందుకు కనపడలేదో అడగడానికి ధైర్యమూ చాల్లేదు.

"ఈసారైనా చెప్పింది వింటారా మెకానిక్ గారూ?" అన్నాడు దుకాణదారు. "పోయినసారి టీ గ్లాసు వేడి ఎర్రగా కనపడిందని మురిసిపోయారు. నా మాటలు సగం గాలికి పోయాయి."

అక్క చాన్నాళ్లకు నవ్వింది. "వీడంతే బాబూ. అత్తారింటికి మొదటిసారి వెళ్లి వాళ్ల ఫ్యాను విప్పి కూర్చున్నాడు."

దుకాణదారు రెండు యంత్రాలు బల్లమీద పెట్టాడు. "ఇది చుక్కల వెలుతురున్నా దాన్నే పెంచి చూపిస్తుందమ్మా. మొహం గుర్తుపట్టొచ్చు. కటిక చీకటైతే మాత్రం గుడ్డిదే. రెండోది మీవాళ్ల దగ్గరున్న రకం. వెలుతురుతో పనిలేదు, ఒంటి వేడిని పట్టేస్తుంది."

"అయితే రెండోదే మేలు కదా."

"ఒక్కటే తంటా. అద్దం అడ్డొస్తే అంతే సంగతులు. కిటికీ వెనక మనిషున్నా కనపడడు."

మెకానిక్ దుకాణం గాజు తలుపువైపు తిరిగాడు. అక్క రెండోదాన్ని తీసి తమ్ముడి చేతిలో పెట్టి, బయటికి నడిచి, గాజు తలుపు మూసింది.

"ఇప్పుడు చూడరా." మాట సన్నగా వినిపించింది.

ఎత్తి చూశాడు. తలుపుమీద మసగ్గా ఒక మనిషి వేడి. చెయ్యి కదిపితే అదీ కదిపింది. తనే. అక్క లేదు.

"కనపడుతున్నానా?"

"లేదక్కా."

"ఆ రాత్రి వ్యాను అద్దాలు పగలకుండా ఎత్తే ఉన్నాయా?"

అవునని తలూపాడు.

"పడగానే పోయాడన్నారే."

ఆమె ఊపిరి అద్దానికి పట్టి మొహం సగం చెరిగిపోయింది. మెకానిక్ యంత్రం దించి తలుపు లాగాడు.

రాలేదు. అవతలినుంచి అక్క పిడి గట్టిగా పట్టుకుని ఉంది.