గంటు పెట్టిన నెగటివ్

అట్ట చూడగానే ఫొటోగ్రాఫరమ్మకి గుండె జారిపోయింది.

పౌరహక్కుల ఊరేగింపుల మీద పుస్తకం అది. అచ్చాఫీసులో దాని అట్టలు దబదబా వచ్చి పడుతున్నాయి. ప్రతి అట్ట మీదా ఒకటే మొహం. విచారణ లేకుండా జైల్లో పెట్టినవాళ్లని వదలమంటూ గొంతు చించుకుంటున్న ఓ పడుచుపిల్ల. ఎన్నో ఏళ్ల కిందట ఆ ఫొటో తీసింది తనే. బయటపెట్టనని మాటిచ్చిందీ తనే. "అక్కా, మా ఆయన పోలీసు. ఈ మొహం ఎక్కడన్నా కనబడిందంటే నన్ను బతకనివ్వడు" అని ఆ రోజు ఆ పిల్ల చేతులు పట్టుకుంది.

ఎవరైనా వద్దంటే, ఆ నెగటివ్ అంచున కత్తెరతో చిన్న గంటు పెట్టడం ఆవిడ పద్ధతి. చీకటిగదిలో ఆ గంటు వేలికి తగిలితే చాలు, పక్కన పెట్టేసేది.

"అంచున గంటుండాలి, ఏదిరా?" అని అరిచింది.

ఆవిడ పాత నెగటివ్‌ల పెట్టెలోంచి ఏరి అట్ట తయారుచేసింది ఆవిడ మేనల్లుడే. "చిరిగిపోయిందనుకుని కంప్యూటర్లో అతికేశానత్తా. ఏమైనా తెలుస్తోందా?" అన్నాడు గొప్పగా.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! ముందా మిషనాపించు."

"రేపటి సభకి పుస్తకం ఉండదత్తా!"

"లేకపోతే మానె. నేనొచ్చేలోగా ఒక్క అట్ట గడప దాటిందో, నీ తాట తీస్తాను."

ఓ అట్ట చేతబట్టుకుని బయల్దేరింది. ఆ ఇల్లు ఆవిడకి తెలుసు. పలకరిస్తే ఎక్కడ అనుమానం వస్తుందోనని, ఇన్నేళ్లూ ఆ వీధిలో తలొంచుకునే నడిచింది. ఇవాళ తిన్నగా వెళ్లి తలుపు తట్టింది.

"ఎవరూ?" లోపల మగగొంతు.

ఆ పోలీసాయనే అనుకుని ఆవిడ అట్టని వీపు వెనక్కి దాచింది. తలుపు తీసినవాడు ఎగాదిగా చూసి, "అమ్మా, నీకోసం ఎవరో వచ్చారు" అని కేకేశాడు. కొడుకన్నమాట. హమ్మయ్య అనుకుంది.

ఆ పడుచుపిల్ల నెరిసిన జుట్టుతో బయటికొచ్చింది. చూసీచూడగానే "అక్కా!" అంది. ఫొటోగ్రాఫరమ్మ జరిగిందంతా గుక్కతిప్పుకోకుండా చెప్పేసింది. "అచ్చు ఆపించానమ్మా. మీ ఆయన చూడకముందే..."

"ఆయన పోయి చాలా ఏళ్లయింది."

ఆమె అట్ట అందుకుని వెలుతురులోకి జరిగింది. "అప్పుడు వద్దన్నాను, నిజమే. తర్వాత ఒక్కసారైనా అడిగావా అక్కా? ఆ ఊరేగింపులో నేనూ ఉన్నానంటే కన్నకొడుకే నమ్మక నవ్వుతాడు."

ఫొటోగ్రాఫరమ్మకి తల కొట్టేసినట్టయింది. "ఇప్పుడు అడుగుతున్నాను. వెయ్యమంటావా?"

ఆమె అట్ట తీసుకెళ్లి కొడుకు మొహం ముందు పెట్టింది. వాడు అట్టని చూశాడు, తల్లిని చూశాడు. ఈసారి నవ్వలేదు.

"వేసుకో అక్కా" అంది.