బొంత కప్పిన కంప్యూటర్

ఆ ఇంట్లో చెల్లెల్ని అందరూ పాముచెవి అనేవాళ్ళు. పక్కవీధిలో ఎవరైనా దగ్గితే, ఏ ఇంట్లో దగ్గారో కూర్చున్నచోటు నుంచే చెప్పేస్తుందని బావ వేళాకోళం. వేళాకోళమే గానీ మరీ అబద్ధం కాదు. ఆమె పనే అది. మనుషులు చదివింది రికార్డు చేసి, అందులోంచి కుర్చీ కిర్రుమన్నదీ, పేజీ తిప్పినదీ, గుటక మింగినదీ ఏరి పారేసి గొంతు ఒక్కదాన్నే మిగిల్చేది. బియ్యంలో రాళ్ళేరినంత ఓపిగ్గా ఏరేది.

అక్క, చూపులేని పిల్లల బడిలో టీచరు. ఆ పిల్లలకి శరీరశాస్త్రం చెవుల్లోంచే బుర్రకెక్కాలి. బడిలో ఉన్న పాత రికార్డింగు వింటే చదివినవాడికే నిద్ర ముంచుకొస్తున్నట్టు ఉండేది. అక్క విసుగెత్తి, పుస్తకం మొత్తం నేనే చదువుతానంది. చెల్లెలు వెనకగది గోడలకి పరుపులు, దుప్పట్లు బిగించి స్టూడియో అనిపించింది. పుస్తకం సగంలో ఉండగా అక్క గొంతు బొంగురుపోవడం మొదలైంది. డాక్టరు చూసి కణితి ఉందన్నాడు, తీయాలన్నాడు, తీశాక గొంతు మునుపటిలా ఉంటుందని మాటివ్వలేనన్నాడు. అక్కది ఉడుంపట్టు. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూనే, ఆపరేషనులోగా పుస్తకం అయిపోవాలి, వచ్చి కూర్చోమంది.

అన్నట్టే పూర్తి చేసింది. పాఠం అయ్యాక ఇంకా ఓపిక ఉన్న రోజుల్లో, చెల్లెలు బతిమాలితే అమ్మ పాటలు కూడా పాడింది. అమ్మ బట్టలు ఆరేస్తూ, ఇద్దరికీ జడలు వేస్తూ సొంతంగా అల్లుకున్న పాటలవి. ఏ పుస్తకంలోనూ దొరకవు. అమ్మ పోయాక అక్క నోట తప్ప ఇంకెక్కడా లేవు.

కంప్యూటర్లో చప్పుడు మొదలైంది ఆ రోజుల్లోనే. మొదట సన్నగా గీరినట్టు వినిపించేది. తర్వాత ఉండుండి టక్కుమనేది. ఇంకొకరైతే దీనికేం రోగం వచ్చిందని కంగారుపడి ఎవరికైనా చూపించేవారు. వీళ్ళకి మాత్రం, ఆ చప్పుడు మైకులో పడి రికార్డింగు పాడవుతోందన్న బెంగ ఒక్కటే. అక్క పాత బొంత తెచ్చింది. చెల్లెలు కంప్యూటర్ని ఒక చెక్కపెట్టెలోకి దించి, చుట్టూ బొంత కప్పి, పైన చెవి ఆనించి విని, హమ్మయ్య అనుకుంది. గాలాడని ఆ పెట్టెలో కంప్యూటర్ కుంపటిలా కాగిపోతోందని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

ఆపరేషనైంది. ప్రాణానికి ఢోకా లేదు గానీ, అక్కకి మిగిలింది ఎండుటాకు నలిపినట్టుండే గుసగుస. అటు పిల్లల పరీక్షలు ముంచుకొస్తున్నాయి. ఒక ఉదయం చెల్లెలు చివరి పాఠాలు శుభ్రం చేద్దామని కూర్చుంటే ఒక్క ఫైలూ తెరుచుకోలేదు. బొంత తీసి చూస్తే కంప్యూటర్ చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది. లోపల టక్కు టక్కుమని ఆగకుండా కొట్టుకుంటోంది. ఆపి మళ్ళీ ఆన్ చేసింది. టక్కులు ఇంకా ఎక్కువయ్యాయి. అప్పుడు బావకి ఫోన్ చేసింది.

బావది ఒక ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం. కబురందగానే వచ్చాడు. ఇంకోసారి ఆన్ చేశావంటే చేతులు కట్టేస్తానని మరదల్ని బెదిరించి ముందు ప్లగ్గు పీకాడు. మూత విప్పి, వేలితో ఫ్యాను తిప్పి చూశాడు. ఫ్యానైతే దుమ్ము పట్టి గుర్రుమంటుంది, దులిపితే ఊరుకుంటుంది. మరలు వదులైతే గడగడమంటుంది, బిగిస్తే సరి. ఇది ఆ రెండూ కాదు, హార్డ్ డిస్కే అన్నాడు. దాని లోపల అద్దంలా మెరిసే పళ్ళేలు గిర్రున తిరుగుతుంటాయట. వాటిని తాకకుండా, వెంట్రుకవాసి ఎత్తులో ఒక ముల్లు అటూ ఇటూ కదులుతూ రాసింది చదువుతుందట. ఆ ముల్లుకి చదవాల్సిన చోటు దొరక్క మొదటికి పోయి మళ్ళీ మళ్ళీ వెతుకుతోంది, టక్కుమనేది అదే. అసలే అరిగిన డిస్కు, పైన బొంత వేడి.

“ఏం మరదలు పిల్లా, అన్నీ వినిపిస్తాయే నీకు. ఇది ఇన్నాళ్ళూ మొత్తుకుంటుంటే వినలేదా?”

చెల్లెలికి తల కొట్టేసినట్టయింది. “విన్నాను బావా. విని, నోరు మూయించాను.”

రెండో కాపీ ఎక్కడుందని అడిగితే లేదంది. శుభ్రం చేయని గొంతు గది దాటకూడదన్నది ఆమె పంతం. అంతా అయ్యాక ఒకేసారి బడికి ఇద్దామనుకుని ఎక్కడా కాపీ పెట్టలేదు. బావ ఇంక వేళాకోళమాడలేదు. అందులో ఉన్నది తన భార్య గొంతు.

డిస్కుని బయటికి తీసి చల్లారనిచ్చారు. ఫ్రిజ్‌లో పెడితే కోలుకుంటుందని ఎవరో అంటుంటే విన్నానని చెల్లెలు నసిగింది. చెమ్మ చేరితే ఉన్న కాస్త ప్రాణమూ పోతుందని బావ కసిరాడు. పోనీ విప్పి చూద్దామంటే, దుమ్ము కణం ఒక్కటి చాలు పళ్ళెం గీరుకుపోవడానికి అన్నాడు. చెడిపోయిన డిస్కుల్లోంచి ఫైళ్ళు తీసే ల్యాబుకి ఫోన్ చేస్తే, మీరు ముట్టుకోకుండా మాకివ్వడమే మంచిదన్నారు. కానీ చేతికిచ్చేది పరీక్షలు అయిపోయాకే. అక్క అడ్డంగా తలూపింది. బావ వెళ్ళి కొత్త డిస్కు తెచ్చి, పాతదానితో కలిపి తన ల్యాప్‌టాప్‌కి తగిలించాడు.

“ఇది ఎంతసేపు తిరుగుతుందో నేను చెప్పలేను,” అన్నాడు. “ఏది లేకపోతే గడవదో అది ముందు తీయండి. సగంలో ఆగిపోతే ఇంక దేవుడు దిగొచ్చినా ఏం చెయ్యలేడు.”

చెల్లెలు మౌసు అందుకుని తిన్నగా పాటల మీదికి వెళ్ళింది. ఆమె చేతి మీద అక్క చెయ్యి పడింది. “పాఠాలు,” అంది గుసగుసగా.

చెల్లెలు ఒప్పుకోలేదు. పాఠాలు ఎవరైనా చదవచ్చు, కావాలంటే ఈ పూట నుంచి రాత్రింబగళ్ళు తనే కూర్చుని చదువుతానంది. పాటలు పోతే అమ్మదీ నీదీ ఇద్దరి గొంతులూ ఒక్కసారే పోతాయే అక్కా అంటూ ఏడ్చేసింది. బావ కిటికీ వైపు తిరిగాడు. అతనికీ పాటలే కావాలి. ఆ మాట పైకి అనే ధైర్యం లేదు.

అక్క ఒక్కొక్క మాటా కూడదీసుకుంది. “పిల్లలకి మాటిచ్చానే. పోయే గొంతని తెలిసే ఆ పని చేశాను. అది కూడా పోతే నాకేం మిగిలింది?”

చెల్లెలు ముక్కు తుడుచుకుని పాఠాల మీద నొక్కింది.

పని నత్తనడక నడిచింది. బావ టేబుల్ ఫ్యాను తెచ్చి డిస్కుకి ఎదురుగా పెట్టాడు. టక్కులు జోరైనప్పుడల్లా ఆపడం, కాసేపు ఊపిరి పీల్చుకోనిచ్చి మళ్ళీ మొదలుపెట్టడం. ఎముకలు వచ్చాయి. గుండె వచ్చింది. ఊపిరితిత్తులు వచ్చాయి. మూత్రపిండాల దగ్గర ఇరుక్కుంది. ఈ వయసులో ఎవరికైనా అక్కడే ఇబ్బంది అని బావ అనేసరికి అక్క నోరు తెరిచి చప్పుడు లేకుండా నవ్వింది. ఇరుక్కున్నదాన్ని వదిలేసి ముందుకెళ్ళి, తర్వాత ముక్కలు ముక్కలుగా రాబట్టారు. ముగ్గురిలో ఎవరూ అన్నం మాట ఎత్తలేదు. సాయంత్రానికి ఆఖరి పాఠం కూడా కొత్త డిస్కులోకి చేరింది.

ఇప్పుడు పాటలు అంది చెల్లెలు. మొదటి పాట మీద నొక్కింది. టక్కులు ఆగిపోయి, గచ్చు మీద ఇనుము ఈడ్చినట్టు పొడుగాటి గీరుడు వినిపించింది. తర్వాత ఏమీ వినిపించలేదు. ఆ డిస్కు ల్యాబుకి వెళ్ళి తిరిగొచ్చింది. పళ్ళెం మీద పూత మొత్తం లేచిపోయింది, ఏమీ దక్కలేదన్నారు.

పాఠాలు శుభ్రమై బడికి చేరాయి. పిల్లలు వాటిని గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతున్నారని అక్క మురిసిపోతూ వచ్చి సైగలతో చెప్పేది. చెల్లెలు ఊకొట్టేది గానీ ఆమెకి ఏదీ పట్టలేదు. అక్క గొంతు వినాలనిపించినప్పుడు మూత్రపిండాల పాఠం పెట్టుకుని ఏడ్చేది. కొత్త పని ఏదీ ఒప్పుకోలేదు.

అలా కొన్నాళ్ళు చూసి, ఒక మధ్యాహ్నం అక్క ఆమె రెక్క పుచ్చుకుని వెనకగదిలోకి లాక్కెళ్ళింది. మైకు ముందున్న కుర్చీలో కూలేసింది. హెడ్‌ఫోన్లు తనే పెట్టుకుంది.

“నాకు మాటలున్నాయి, రాగం నిలవదు. నీకు రాగమంతా చెవుల్లోనే ఉంది. పాడు.”

పుట్టి బుద్ధెరిగాక చెల్లెలు ఎవరిముందూ కూనిరాగమైనా తీయలేదు. “నాది కాకి గొంతక్కా.”

“అమ్మదేమైనా కోకిలా?” అంది అక్క. “పాడు.”

అక్క మొదటి పాదం గుసగుసగా అందించింది. చెల్లెలు కళ్ళు మూసుకుని దాన్ని రాగంలో పెట్టింది. గొంతు వణికింది గానీ రాగం అమ్మదే. రెండో పాదంలోకి వచ్చేసరికి ఏడుపు అడ్డుపడి ఆగిపోయింది. అక్క కళ్ళల్లోనూ నీళ్ళు తిరిగాయి. అయినా వేలు పైకెత్తి, మళ్ళీ మొదటినుంచి అని సైగ చేసింది.