కుడివైపు దరువు

ఆల్బమ్ బయటికొచ్చిన మర్నాడు పొద్దున, డ్రమ్మర్ తన గురించి లోకం ఏమనుకుంటోందో కారులో కూర్చుని చదువుకున్నాడు. అసలు అతను లేడనే లోకం అనుకుంటోంది.

కారు అతనిది కాదు, డ్రైవింగ్ స్కూలుది. పగలంతా పక్క సీట్లో కూర్చుని జనానికి బండి నడపడం నేర్పుతాడు. నేర్పేవాడి కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. అతని కుడిపాదం ఏళ్ళ తరబడి దాని మీదే కాపలా. సాయంత్రమైతే అదే పాదం పెద్ద డ్రమ్ము తొక్కుతుంది. బ్యాండులో నలుగురు: పెద్ద గిటారు, చిన్న గిటారు, బేసు, అతను. వాళ్ళ సంగీతంలో మాట ఉండదు, గొంతు ఉండదు. ఒక్కో ట్యూను పావుగంట సాగుతుంది. సన్నగా మొదలై, ఎప్పటికో ఉరిమి, మళ్ళీ సన్నబడి ఆగిపోతుంది. దీన్ని పోస్ట్-రాక్ అంటారు. ఎందుకంటారని అడిగితే అడిగినవాడే తెలివితక్కువవాడవుతాడు కనుక ఎవరూ అడగరు.

కొత్త ఆల్బమ్ పేరు ‘రెండు ఒడ్లు’. పెద్ద గిటారు బుర్రలో పుట్టిన ఆలోచన అది. గిటార్లూ బేసూ అన్నీ ఎడమ స్పీకర్లోంచి, డ్రమ్ములన్నీ కుడి స్పీకర్లోంచి వస్తాయి. వినేవాడికి ఏటి మధ్యలో నిలబడ్డట్టు ఉండాలట. ఉంటే ఉండనీ, మనకేం పోయింది.

ఈ రకం సంగీతం వినేవాళ్ళకి ఇంటర్నెట్లో ఒక గ్రూపు ఉంది. అందులో గురువుగారని ఒకాయన. ఆయన మాటే మాట. ఆయన చెప్పేదాకా ఏ ఆల్బమ్ బాగుందో మిగతావాళ్ళ చెవులకు తెలియదు. ‘రెండు ఒడ్లు’ గురించి ఆయన ఇలా రాశాడు:

‘ఎవరూ చెయ్యని సాహసం ఇది. ఐదు ట్యూన్లలో ఎక్కడా ఒక్క దెబ్బ లేదు. ఇన్నాళ్ళూ మన తలలు వాచేలా కొట్టిన ఆ డ్రమ్ముల్ని అవతల పెట్టేశారు. ఎంత హాయి! అయినా అట్ట మీద డ్రమ్మర్ పేరు ఉంచారు. లేనివాడి పేరు అచ్చు వెయ్యడంలో ఎంత లోతుందో ఆలోచించండి.’

డ్రమ్మర్ ముందు నవ్వాడు. ఏదో హాస్యం అనుకున్నాడు పాపం. కిందికి చదువుతుంటే నవ్వు ఎండిపోయింది.

‘డ్రమ్ము వస్తుంది వస్తుంది అనుకున్న ప్రతిచోటా రాకపోవడం నన్ను ఏడిపించేసింది’ అని ఒకడు. ‘మొదట నాకు డ్రమ్ము వినబడ్డట్టే అనిపించింది గురువుగారూ. మూడోసారి విన్నాక తెలిసింది, అది నా గుండె’ అని ఇంకొకడు. ‘చెయ్యి ఆపడం నేర్చుకున్నాడు. ఎన్నాళ్ళకు ఎదిగాడు!’ అని ఒకావిడ. అందరికీ రెండేసి చెవులున్నాయి, రెండూ పనిచేస్తున్నాయి. అయినా ఏం లాభం!

"మాస్టారూ, బ్రేకు! బ్రేకండీ!" అని అరిచింది బండి నేర్చుకుంటున్నావిడ. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ పాదం కదల్లేదు. అదృష్టం బాగుండి ఎదురొచ్చింది చెత్తకుండీ.

సాయంత్రం ఆదరాబాదరాగా రిహార్సల్ గదికి వెళ్ళాడు. టైర్ల కొట్టు పైన ఇరుకు గది. రబ్బరు కంపు, చప్పుడు బయటికి పోకుండా గోడల నిండా అతికించిన గుడ్ల అట్టలు. స్నేహితులు తనకన్నా ఎక్కువ మండిపడుతూ ఉంటారనుకున్నాడు. పెద్ద గిటారు మొహం చూస్తే పెళ్ళికొడుకులా వెలిగిపోతోంది.

"చదివావా?"

"చదివాను. నేను లేనట. ఉన్నాడని నువ్వొక ముక్క రాయి."

"ఎందుకు రాయాలి? ఒరేయ్, ఇన్నేళ్ళలో మనల్ని ఎవడైనా ఇంతలా పొగిడాడా?"

"ఐదు ట్యూన్లూ నేను వాయించాన్రా! నువ్వే కదా రికార్డు చేశావు."

"కాదన్నానా? వాయించావు. కానీ అది శ్రోతలకి చేరలేదు. చేరనిదాన్ని పట్టుకుని వేలాడితే దాన్ని అహంకారం అంటారు."

బేసు గోడకేసి చూస్తున్నాడు. ఇద్దరు పోట్లాడుకుంటుంటే ఇద్దరికీ మంచివాడుగా ఉండడానికి అతనికి తెలిసిన దారి అదొక్కటే.

"శనివారం కచేరీలో నువ్వు డ్రమ్ముల వెనకాల కూర్చో. వాయించకు" అన్నాడు పెద్ద గిటారు.

"కూర్చుని ఏం చెయ్యమంటావు?"

"వాయించకుండా ఉండు. వాయించడం కన్నా అదే కష్టం."

చిన్న గిటారు తన తీగలు బిగిస్తూ, తల ఎత్తకుండానే అసలు సంగతి బయటపెట్టాడు. "గురువుగారు ఆ మాట వెనక్కి తీసుకుంటే సరేసరి. లేదంటే వచ్చే ఆల్బమ్‌కి మేం ముగ్గురం చాలేమోరా."

ఎప్పుడో చదువుకునే రోజుల్లో, బకెట్లు బోర్లించి వాయించిన నాటి నుంచి ఆ కుర్చీ అతనిది. దాన్ని ఇంత తేలిగ్గా లాగేస్తారని కలలో కూడా అనుకోలేదు.

ఇంటికొచ్చేసరికి సోఫాలో భార్యా, అత్తగారూ పోట్లాడుకుంటున్నారు. భార్య కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. భర్త సంగీతం గురించి ఆమెకు ఎప్పుడూ ఒకటే అనుమానం: ‘ఇందులో మాటలెప్పుడొస్తాయండీ?’ ఈసారి షాపులో ఎవరో మెచ్చుకున్నారని, ఏమిటో విందామని కూర్చుంది. ఉన్నది ఒక్క జత ఇయర్‌ఫోన్లు. ఎడమది తను పెట్టుకుని, కుడిది తల్లికిచ్చింది.

"మీ అల్లుడు ఎక్కడున్నాడమ్మా ఇందులో? అంతా గిటార్లేగా!"

"నీ మొహం. గిటార్లెక్కడివే? మొదట్నించీ మా అల్లుడొక్కడే చావగొట్టుకుంటుంటే! మిగతా వాళ్ళు టీ తాగడానికి పోయినట్టున్నారు."

"నీకు చెవుడొచ్చింది."

"నీకే వచ్చింది. మీ అత్తారి వైపు నుంచి."

డ్రమ్మర్ ఒక చెప్పు విడిచి, రెండోది చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. భార్య చెవిలో ఎడమది, అత్తగారి చెవిలో కుడిది. ఒకామెకు గిటార్లే, ఇంకొకామెకు డ్రమ్ములే. అయితే గురువుగారి ఇంట్లో కుడి స్పీకరు మోగడం లేదన్నమాట! ఇంతోటి దానికి అంత లోతు తవ్వాడా ఆయన!

చెప్పు తిరిగి తొడుక్కోబోతుంటే అత్తగారు చెయ్యెత్తింది. "ఆగు బాబూ. ఇది ఆసుపత్రి కుర్చీ కదూ?"

అది ఐదో ట్యూను. నిరుడు భార్యకు కడుపులో ఆపరేషన్ అయినప్పుడు అతన్నీ అత్తగార్నీ లోపలికి రానివ్వలేదు. వరండాలో ఇనప కుర్చీలో కూర్చుని అతను వేళ్ళతో ఏదో దరువు వేస్తూనే ఉన్నాడు. పక్కన కూర్చున్న అత్తగారు ‘ఆపు బాబూ, నా ప్రాణం తోడెయ్యకు’ అని కసిరింది కూడా. ఆపితే లోపల ఏదైనా అవుతుందేమోనని అతని భయం. ఆ దరువునే ఎవరికీ చెప్పకుండా చివరి ట్యూన్లో పెట్టుకున్నాడు.

భార్య, తల్లి చెవిలోంచి కుడిది లాక్కుని తను పెట్టుకుంది. ట్యూను అయిపోయేదాకా వింది.

"ఇది నాకు లోపలికి వినబడేదండీ" అంది చివరికి. "మందు మత్తులో కూడా. ఇది మోగుతున్నంతసేపూ మీరు బయటే ఉన్నారని ధైర్యంగా ఉండేది."

కళ్ళు తుడుచుకుంది. మాటలెప్పుడొస్తాయని మాత్రం అడగలేదు. అతను చెప్పు తొడుక్కుని తిన్నగా గురువుగారింటికి బయల్దేరాడు.

గురువుగారు ఆ ఊళ్ళోనే బీమా ఆఫీసులో పనిచేస్తాడు, ఇల్లెక్కడో గ్రూపులో అందరికీ తెలుసు. ముందు గదిలో మనిషెత్తు స్పీకర్లు రెండు, వాటికి సరిగ్గా నడుమ ఒక కుర్చీ. ఆ కుర్చీలో ఆయన తప్ప ఇంకెవరూ కూర్చోకూడదు. తన ఎదుట ఉన్నది ‘లేని’ డ్రమ్మర్ అని తెలియగానే ఆయన లేచి దణ్ణం పెట్టాడు. "ఎంత త్యాగం చేశారండీ!"

డ్రమ్మర్ ఆ దణ్ణం అందుకోకుండా కుడి స్పీకరు వెనక్కి దూరాడు. తీగ ఊడి నేలమీద పడి ఉంది.

"కర్టెన్లు ఉతకడానికి తీసినప్పుడు ఊడిందది" అంది వంటింటి గుమ్మంలోంచి ఆయన భార్య. "అప్పుడే చెప్పాను. ‘అడ్డు రాకు, వింటున్నాను’ అన్నారు."

డ్రమ్మర్ తీగ తగిలించాడు. ఐదు ట్యూన్లూ మళ్ళీ మొదట్నించీ పెట్టుకుని విన్నారు. ఆఖరి దరువు దగ్గరికొచ్చేసరికి గురువుగారి కళ్ళు చెమ్మగిల్లాయి. మనిషి చెడ్డవాడేం కాదు, ఆ మాట చెప్పుకోవాలి.

"నన్ను క్షమించండి. ఇప్పుడే రాస్తాను. ఉన్నదున్నట్టు రాస్తాను" అన్నాడు.

రాశాడు కూడా. ‘నా కుడి స్పీకరు తీగ ఊడిపోయింది. నేను సగమే విన్నాను. డ్రమ్ములు ఉన్నాయి, అద్భుతంగా ఉన్నాయి. తప్పు నాదే.’

డ్రమ్మర్ ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు. తెల్లారి లేచి చూస్తే గ్రూపు గ్రూపంతా పూనకంలో ఉంది.

‘తీగ ఊడిపోయింది! మన కాలం కథంతా రెండు మాటల్లో చెప్పేశారు.’ ‘సగమే విన్నానని ఒప్పుకునే వినయం ఇంకెవరికుంది!’ ‘నేనూ ఇప్పుడే కుడి తీగ పీకేశాను గురువుగారూ. అబ్బ, ఇప్పుడు తెలిసింది మీరేం విన్నారో!’ గురువుగారు గాభరాపడి, ‘అది కాదు నాయనా, నిజంగానే ఊడింది’ అని రాశాడు. దానికీ దండాలు పెట్టారు. మధ్యాహ్నానికల్లా ‘రెండు ఒడ్లు’ వినాలంటే కుడి తీగ పీకి వినడమే పద్ధతి అని తేలిపోయింది.

పెద్ద గిటారు ఆనందం పట్టలేకపోయాడు. "చూశావా, వెనక్కి తీసుకుంటే ఇంకా పెరిగింది! శనివారం చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చో. ఒక్క దెబ్బ పడిందో, మన స్నేహం అక్కడితో సరి."

శనివారం హాలు కిక్కిరిసిపోయింది. డ్రమ్మర్ తన కుర్చీలోంచి చూస్తే జనమంతా కుడి చెవిలో వేలు పెట్టుకుని కూర్చున్నారు. పంటినొప్పి వాళ్ళందర్నీ ఒకచోట పోగేసినట్టుంది. ఒక మూల గురువుగారొక్కడే రెండు చెవులూ తెరుచుకుని, తల వంచుకుని ఉన్నాడు. ముందు వరసలో ఇనప కుర్చీల్లో భార్యా, అత్తగారూ.

నాలుగు ట్యూన్లు అయ్యాయి. అతను ఒళ్ళో చేతులు పెట్టుకుని, బుద్ధిగా కూర్చున్నాడు. నాలుగోది ఆగి హాలంతా నిశ్శబ్దమైన చోట అత్తగారి గొంతు ఖంగుమంది.

"మా అల్లుడి చేతులకేమైందే?"

వెనక నుంచి ఉష్ ఉష్ అన్నారు.

"నా అల్లుడు, నా ఇష్టం. నువ్వెవడివోయ్?" అంది వెనక్కి తిరిగి.

ఐదోది మొదలైంది. గిటారు సన్నగా సాగుతోంది. దరువు రావలసిన చోటు దగ్గర పడుతోంది. డ్రమ్మర్ భార్య కేసి చూశాడు. ఆమె అతన్నే చూస్తూ, తన కుర్చీ చేతి మీద వేళ్ళతో మెల్లగా కొట్టడం మొదలుపెట్టింది. అదే దరువు. ఎక్కడా పొల్లు పోలేదు.

ఇక ఆగడం అతని వల్ల కాలేదు. పుల్లలు అందుకున్నాడు. ఇన్నేళ్ళూ పగలంతా ఎవరెవరి బళ్ళనో ఆపిన పాదం పెద్ద డ్రమ్ము మీద పడింది. పెద్ద గిటారు వెనక్కి తిరిగి కళ్ళెర్రజేశాడు. స్నేహం పోతే పోనీ అనుకున్నాడు డ్రమ్మర్. అరచేతులు బొబ్బలెక్కాయి, కిటికీ అద్దాలు అదిరాయి. ట్యూను ముగియగానే హాలు లేచి నిలబడింది. చప్పట్లు కొట్టాలంటే చెవుల్లోంచి వేళ్ళు తియ్యాలి కనుక తీశారు. అమ్మయ్య, విన్నారు అనుకున్నాడు వెర్రివాడు.

మర్నాడు అభిప్రాయాలు వచ్చాయి. ‘చివరి ట్యూన్లో డ్రమ్మర్ చేతులు గాలిలో ఆడించాడు. చిన్న చప్పుడైనా లేదు. మౌనాన్ని ఇంత బలంగా వాయించినవాణ్ణి చూడలేదు.’ కింద ఎన్ని వందల మంది తలలూపారో లెక్కే లేదు.

వెంటనే పెద్ద గిటారు ఫోను. "అదరగొట్టావురా! నీ కుర్చీ ఇంక ఎక్కడికీ పోదు, నాది పూచీ. ప్రతి కచేరీకీ ఇదే పద్ధతి. కాకపోతే మళ్ళీసారి నిజంగా వాయించకు. రిస్కెందుకు?"

వారమంతా ఏ కుర్చీ కోసం అతని ప్రాణం కొట్టుకుందో, ఆ కుర్చీ ఒళ్ళోకొచ్చి పడింది. డ్రమ్మర్ తన బొబ్బల చేతులు చూసుకున్నాడు.

"ఆ కుర్చీ మీద నా చొక్కా వేసుకోండి. వాయించకుండా ఉండడంలో నాకన్నా దానిదే పైచెయ్యి" అని ఫోను పెట్టేశాడు.

ఉక్రోషంతో అన్న మాటది. వాళ్ళు నిజంగానే వేశారు. తర్వాతి కచేరీలో డ్రమ్ముల వెనక చొక్కా కూర్చుంది. శ్రోతలు మురిసి ముక్కలయ్యారు. భుజాల దగ్గర ఆ కుంగుబాటు చూశారా అన్నారు. మూడో ట్యూన్లో చొక్కా కాస్త తొందరపడిందని ఒకాయన విమర్శించాడు కూడా.

డ్రమ్మర్ అది ఇంట్లో పైకి చదివి వినిపించాడు. ఎవరూ పట్టించుకోలేదు. సోఫాలో తల్లీకూతుళ్ళు ఒకే ఇయర్‌ఫోను మీద చెరో చెయ్యీ వేసి లాక్కుంటున్నారు.

"కుడిది నాదే. మొదట్నించీ నేనే పెట్టుకుంటున్నాను."

"నాకోసం వాయించారమ్మా! ఇటివ్వు."

"పక్కన కూర్చుని ఆ మోత భరించింది నేను. నువ్వేమో హాయిగా మత్తులో పడుకున్నావు."

డ్రమ్మర్ ఫోను పక్కన పడేసి వాళ్ళ మధ్య జరిగి కూర్చున్నాడు. ఎడమది ఎవరికీ అక్కర్లేక బల్ల మీద పడి ఉంది. అందులోంచి గిటార్లు సన్నగా ఏడుస్తున్నాయి.