కల్లే గదా అనుకున్నది

అమీన్‌పూర్ కొత్త ప్లాట్ల మధ్య తాగుడు మాన్పించే ఒక మేడ ఉండేది. భర్త మల్లయ్యను అందులో చేర్పించిన వారమంతా అరుణమ్మ రోజూ పొద్దున్నే గేటు దగ్గర టిఫిన్ డబ్బా ఇచ్చి, అతన్ని చూడకుండానే తిరిగి వెళ్లింది. నెల దాకా ఎవరినీ కలవనివ్వరట. అంత కట్టుదిట్టంగా ఉంటేనే మనిషి బాగుపడతాడని ఆమె సంతోషించింది. మనమైనా అలాగే అనుకుంటాం కదా.

మల్లయ్యకు పటాన్‌చెరు ఫ్యాక్టరీలో పని. బ్రాందీ ముట్టడు, పొద్దుగూకితే మాత్రం కల్లు కాంపౌండే. కల్లే గద, అదేమన్న మందా అని ఇంట్లో అందరి మాట. ఆ కల్లులో మత్తుబిళ్లల పొడి కలిపేవారని, దాన్ని ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి వస్తుందని ఎవరు చెప్పారు గనక! మేడ నడిపే పెద్దమనిషి అయితే ఏం తాగుతాడని అడగనే లేదు.

ఒకనాడు నాగేశ్వరి అనే అధికారి తనిఖీకి వచ్చింది. సర్కారు అనుమతి ఏదీ, డాక్టర్ ఎవరూ అని అడిగితే రెండూ లేవని తేలింది. మేడ మూసేయక తప్పదని ఆమె అనగానే, గేటు దగ్గరున్న అరుణమ్మకు ఒళ్లు మండింది.

"నీ నోట్ల మన్నువడ, ఉన్న ఒక్క ఆసరా తీసేస్తున్నవు. నా మొగడు మళ్ల కల్లుకు పోతే నువ్వొచ్చి ఆపుతవా?"

నాగేశ్వరి కోప్పడలేదు. కల్లు అన్న మాట వినగానే లోపలికి పరుగెత్తింది. వెనకే అరుణమ్మ. మూల గదిలో మల్లయ్య ఫిట్స్‌తో కొట్టుకుంటున్నాడు. దయ్యం పట్టిందని అక్కడివాళ్లు కాళ్లూ చేతులూ కట్టేశారు.

సంగారెడ్డి సర్కారు దవాఖానలో ప్రాణం నిలిచింది. తర్వాత అనుమతి ఉన్న మరో కేంద్రంలో డాక్టరమ్మ మాత్రలిచ్చి ఆ మత్తును కొద్దికొద్దిగా దించింది. అక్కడ అరుణమ్మ ఎప్పుడు వెళ్లినా తలుపు తీసేవాళ్లు. మల్లయ్య ఇప్పుడు డ్యూటీకి పోతున్నాడు. కాంపౌండు కంటబడకుండా చుట్టు తిరిగి పోతాడు. నవ్వకండి, ఆ దారి ఎంత దూరమో నడిచినవాడికే తెలుసు.

అరుణమ్మ ఆఫీసుకు వెళ్లి నాగేశ్వరి చేతులు కళ్లకద్దుకుంది.

"నోటికొచ్చినట్టు తిట్టిన బిడ్డా. నా పుస్తె నిలవెట్టినవు. నీ రుణమెట్ల తీర్చుకోవాలె?"

"ఇంకెవరినైనా ఇలాంటి చోట చేర్పిస్తుంటే మీరు వెంట వెళ్లండమ్మా. చాలు."

పక్కింటి ధనలక్ష్మి తన తమ్ముణ్ని కొల్లూరులో అలాంటి చోట చేర్పించే రోజు అరుణమ్మ వెంట వెళ్లింది. అనుమతి కాగితం చూపమంది. తర్వాత నిర్వాహకుడి ఎదుట నిలబడి, "ఈ పిలగాడు తాగేది కల్లు. ముందుగాల మీ డాక్టర్‌ను పిలువున్రి, మాట్లాడినంకనే లోపలికి తోలుతం" అంది.

చట్టం ఎంత మంచిదైనా, గేటు దగ్గర ఇలా అడిగే మనిషి ఉంటేనే అది మన ఇంటి మనిషిని కాపాడుతుంది.