హస్తవాసి

తమ్ముడు అమ్మకు సూది వేసేటప్పుడు అక్క ఎప్పుడూ గోడవైపు తిరిగి నిలబడుతుంది. ఆ ఉదయం మాత్రం తిరగలేదు. వాడు అమ్మ పొట్ట మీది చర్మాన్ని రెండు వేళ్ళతో పైకి పట్టి, సూది దించి, మళ్ళీ తీసేసేదాకా వాడి చొక్కా చేతులవైపే చూస్తూ కూర్చుంది. ఉక్కకు ఇల్లంతా ఉడికిపోతోంది. వాడి పొడుగు చేతుల చొక్కాకు మణికట్ల దగ్గర కూడా గుండీలు పెట్టి ఉన్నాయి.

“అయిపోయిందా? చీమ కుట్టినట్టు కూడా లేదు. నా కొడుకు హస్తవాసి అలాంటిది,” అంది అమ్మ.

ఆ మాట మొట్టమొదట అన్నది అక్కే. నాలుగేళ్ళ కిందట అమ్మకు షుగరు ముదిరింది. రెండు పూటలా ఇంట్లోనే సూది వేయాలని డాక్టరమ్మ చెప్పినప్పుడు, పెద్దపిల్ల కాబట్టి అక్కే నేర్చుకోవాల్సింది. సూదిని చూడగానే ఆమె మొహం గోడవైపు తిప్పుకుంది. పదమూడేళ్ళ తమ్ముడు ముందుకొచ్చాడు. వాడి చెయ్యి వణకలేదు. “నీ హస్తవాసి మంచిదిరా, నువ్వే వెయ్యి,” అని ఆ పని వాడికి అంటగట్టి, హమ్మయ్య అనుకుంది. వీధంతా గొప్పగా చెప్పుకుంది కూడా.

వాడు గోడౌన్‌లో మూటల పనికి బయల్దేరాక అక్క సిరంజిల పెట్టె తెరిచింది. రాత్రి తొమ్మిది ఉన్నాయి. పొద్దున వాడింది పోను ఎనిమిది ఉండాలి. ఐదే ఉన్నాయి.

బట్టల కంపెనీలో ఆమెది దారాలు కత్తిరించే పని. కుట్టడం పూర్తయిన చొక్కాలు గుట్టగా వచ్చి బల్ల మీద పడతాయి. కాలరు కింద, గుండీల వెనక, చేతుల చివర మిగిలిన పోగుల్ని వేలితో తడిమి, చిన్న కత్తెరతో తుంచాలి. ఆరేళ్ళుగా అదే బల్ల, అదే కిటికీ. బొటనవేలి మొదట్లో కాయ కాసింది. ఆమె చూసి పంపిన చొక్కా వెనక్కి రావడం అరుదు. ఆమెను ఎవరైనా మెచ్చుకోవడం అంతకన్నా అరుదు.

ఇవాళ మాత్రం ప్రతి చొక్కా చేతినీ మోచేతి దగ్గర మడిచి, లోపలివైపు తిప్పి చూస్తోంది.

“ఏంటే, అందులో ఎవరి చెయ్యైనా ఉండిపోయిందా?” అంది పక్క బల్ల పిన్ని. చుట్టూ నవ్వారు. ఆమె ఇంకో చొక్కా చెయ్యి తిప్పింది.

నవ్వులు తగ్గాక పిన్ని గొంతు తగ్గించింది. “మా వీధి బక్కోడు పోయాడు, తెలుసా? నిండా పంతొమ్మిదేళ్ళు లేవు. నిన్న సాయంత్రం స్నానాల గదిలో పడిపోయి ఉన్నాడట. గుండె ఆగిందంటోంది వాళ్ళమ్మ. మీవాడితోనే మూటలు మోసేవాడు కదూ?”

కత్తెర మొన చొక్కా జేబును కోసేసింది. ఆరేళ్ళలో అదే మొదటిసారి.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అమ్మ వీధి అరుగు మీద కబుర్లలో ఉంది. లోపలి గదిలో తమ్ముడు దూదీ, మందూ, సిరంజీ వరసగా పేర్చుకుని కూర్చున్నాడు.

“అక్కా, ఈ పూట నువ్వు వెయ్యి.”

“నాకు భయంరా.”

“నాకూ భయంగానే ఉంది.”

ఆమె వాడి చెయ్యి లాక్కుని, గుండీ విప్పి, చొక్కా చెయ్యి పైకి మడిచింది. వాడు వెనక్కి తీసుకోలేదు. మోచేతి మడత దగ్గర నల్లగా, నీలంగా చుక్కలు. ఒకటి వాచి, చుట్టూ ఎర్రగా ఉంది.

“ఎప్పట్నుంచిరా?”

“గోడౌన్‌లో అందరం ఒళ్ళు నొప్పులకని ముందు మాత్రలే మింగేవాళ్ళం అక్కా. కొన్నాళ్ళకి అవి పనిచెయ్యలేదు. బక్కోడు ఏదో మందు తెచ్చాడు. సూదితో అయితే చిటికెలో పోతుందన్నాడు. పొడుచుకోవడానికి మాత్రం ఒక్కడికీ ధైర్యం లేదు. ‘డాక్టరూ, నీ హస్తవాసి మంచిదట కదా, మీ అక్కే చెప్పింది’ అన్నారు. వేశాను. నెలరోజులు వాళ్ళకే వేశాను, నేను ముట్టలేదు. ఒకరోజు ‘మాకు పొడుస్తావు, నువ్వు మాత్రం పెద్దమనిషివా?’ అని ఏడిపించారు. నవ్వుతూనే వేసుకున్నా.”

“నిన్న బక్కోడికి ఎవరు వేశారు?”

వాడు చొక్కా చెయ్యి దించి గుండీ పెట్టుకోబోయాడు. ఎంతసేపైనా అది కాజాలోకి దూరలేదు.

అంతలో అమ్మ వచ్చి మంచం మీద కూర్చుంది. తమ్ముడు అక్క వేళ్ళ మీద తన వేళ్ళు ఉంచి సూది దించాడు.

“ఇదేం చీమే, తేలు!” అని అమ్మ నవ్వింది.

“డాక్టరమ్మ దగ్గరికి పోదాం పద. ఇప్పుడే. అన్నీ నేను చెప్తాను,” అంది అక్క, వాడికి మాత్రమే వినపడేలా.

“చొక్కా మార్చుకుని వస్తా.”

ఆమె చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది. వీధి దీపాలు వెలిగాయి. అమ్మ రెండుసార్లు అన్నం అడిగింది. లోపలికి వెళ్ళి చూస్తే వెనక తలుపు బార్లా తెరిచి ఉంది. అమ్మ వింటుందేమోనని వాణ్ని గట్టిగా పిలవలేకపోయింది.

పరుపు మీద నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం ఒకటి ఉంది. దాని మీద పెన్నుతో గీసిన పెద్ద సున్నా, మధ్యలో బొడ్డు, పొడిచినచోటే మళ్ళీ పొడవకుండా చుట్టూ ఏడు చుక్కలు, ఒక్కో చుక్క పక్కన ఒక్కో వారం పేరు, అడుగున గుండ్రటి అక్షరాల్లో, ‘సూది దించేటప్పుడు అమ్మతో ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు.’