చదవకుండా వేసిన ముద్ర

నేను ఒక అబద్ధాలకోరును. పుట్టుకతో కాదు లెండి, ఉద్యోగరీత్యా. చూడబోతే బొటనవేలంత రబ్బరు ముక్కను, దానికో టేకు పిడి, అంతే. నా ముఖం మీద పైన ‘చూచితిని’ అనీ, కింద ‘నిట్టల సాంబమూర్తి’ అనీ ఉంటుంది. ఈ కాస్త ముఖం పెట్టుకుని ఏడాదిన్నర పాటు నేనాడినన్ని అబద్ధాలు కాకినాడలో మరెవరూ ఆడి ఉండరు. గొప్పకి చెప్పడం లేదు. నలుగురికీ చెప్పుకుంటేనైనా మనసు తేలికపడుతుందేమోనని చెబుతున్నాను.

నన్ను చెక్కినవాడు మెయిన్ రోడ్డులో ఒక మేడమెట్ల కింద కూర్చునే బాషా. ఇప్పుడు మిషన్ల మీద నిమిషంలో దించేస్తున్నారు గాని, బాషాది చేతిపని. అక్షరాలన్నీ తిరగేసి చెక్కాలి. ‘చూ’ దగ్గర చెయ్యి వణికిందా, మళ్లీ మొదటికొస్తుంది. నాకంటే ముందు ఇద్దరు అన్నలు ఆ ‘చూ’ దగ్గరే పోయారు. నేను మూడోవాణ్ణి, దక్కాను.

“ఇంగ్లీషు మాస్టారికి తెలుగు ముద్రేంటండీ?” అని బాషా అడిగితే, “రాసేది వాళ్లు, ఇంగ్లీషులో రాస్తారు. చూసేది నేను, తెలుగులో చూస్తాను” అన్నారు సాంబమూర్తి మాస్టారు. బాషా పడీ పడీ నవ్వాడు. పిడికి ముందువైపు గాటు కాస్త లోతుగా, వేలికి తగిలేలా పెట్టమని కూడా అన్నారాయన. తల ఏదో కాలు ఏదో తెలియడానికి ఏ ముద్రకైనా ఒక గుర్తు ఉండేదే కదా. అందుకని బాషాకీ అనుమానం రాలేదు, నాకూ రాలేదు.

మాస్టారు కాలేజీలో రిటైరయ్యాక మేడ మీద గదిలో పీజీ ప్రవేశ పరీక్షలకు వ్యాసరచన చెప్పేవారు. వ్యాసం ఎలా మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి, అరగంటలో ఎలా ముగించాలి, ఇదీ పాఠం. ఒకప్పుడు ఆయన దిద్దిన కాగితం కోసం పిల్లలు కొట్టుకునేవారట. వ్యాసం ఒక పేజీ అయితే ఆయన ఎర్రసిరా ఒకటిన్నర పేజీ ఉండేదట. ఇవన్నీ నేను విన్న మాటలే. నేను వచ్చేసరికి ఎర్రసిరా సీసా అలమరలో ఎండిపోయి ఉంది. సాయంత్రం పిల్లలు వ్యాసాలు దొంతరగా పెట్టి వెళ్లేవారు. మర్నాటికల్లా ఒక్కోదాని మీదా నేను పడేవాణ్ణి. కాగితానికి ముఖం ఆనించేవాడికి ఏం కనబడుతుంది చెప్పండి? పైనున్న పెద్దాయన చదివే ఉంటారని నేననుకునేవాణ్ణి, ముద్ర పడింది కదా చదివే ఉంటారని వాళ్లనుకునేవారు. ఆయన నోటితో కూడా ఏదో ఒకటి చెప్పేవారు. “భాష బావుంది, ముగింపు బిగించు” అనేవారు. అది ఎవరి వ్యాసానికైనా సరిపోతుంది. మనుషులు మెప్పులో తేడాలు పెద్దగా వెతుక్కోరు.

ఆ పిల్లల్లో కెజియా అనే ఆవిడ ఉండేది. పిల్ల అంటున్నాను గాని ముప్ఫై నాలుగేళ్ల మనిషి. ఊరి చివర ఆరోగ్యకేంద్రంలో నర్సు. ఇల్లిల్లూ తిరిగి గర్భిణులను, బాలింతలను చూడటం ఆమె పని. ఉద్యోగం చేసుకుంటూనే డిగ్రీ కట్టి పాసయింది. ఇప్పుడు ఢిల్లీలో ఒక పెద్ద యూనివర్సిటీలో ప్రజారోగ్యంలో పీజీ చదవాలని పట్టుదల. కిందటేడు అన్నీ బాగా రాసి వ్యాసంలో బోర్లా పడింది. నూటికి ముప్ఫై ఒకటి వచ్చాయి, నలభై రావాలి. వయసు ముప్ఫై అయిదు దాటితే ఉద్యోగస్తుల కోటాలో రాయనివ్వరు. అంటే ఆమెకు ఈ ఒక్క ఏడే మిగిలింది.

ఇలా ఉండగా తాతాజీ అనే కొంటెవాడు ఒక పని చేశాడు. పట్టణాల్లో రద్దీ మీద రాయమంటే, మూడో పేరాలో పనసపొట్టు కూర ఎలా వండాలో రాసి ఇచ్చాడు, ఆవపెట్టడంతో సహా. మర్నాడు దాని మీద నేను నిండుగా పడి ఉన్నాను. “ఒరేయ్, కూర కూడా చూచేసార్రా మాస్టారు!” అని వాడు మెట్ల మీద కాగితం ఊపుతుంటే అందరూ విరగబడి నవ్వారు. కెజియా మాత్రం, “పెద్దాయన, ఏదో పొరపాటయ్యుంటుంది, ఊరుకోండి” అంది. నాకు ఆ రోజే గుండె జారింది.

వారం తిరక్కుండా ఆమెకే పడింది దెబ్బ. ఆ సాయంత్రం డ్యూటీ నుంచి ఉరుకులు పరుగుల మీద వచ్చి, సంచిలో చెయ్యి పెట్టి, అందిన కాగితం తీసి దొంతరలో పెట్టేసింది. అది వ్యాసం కాదు, వచ్చే నెలకి కేంద్రానికి కావలసిన టీకామందుల జాబితా. మర్నాడు ఆమె దొంతరలోంచి తన కాగితం తీసుకుంటుంటే మాస్టారు, “భాష బావుందమ్మా. ముగింపు బిగించు” అన్నారు. పోలియో చుక్కల సీసాలు నలభై అన్న చోట నేను ‘చూచితిని’ అంటూ దర్జాగా కూర్చుని ఉన్నాను.

అందరూ దిగి వెళ్లేదాకా ఆమె కదల్లేదు. వెళ్లాక అంది: “మాస్టారండీ, ఇది మందుల లిస్టండి.”

ఆ కాగితం ఆయన ముందుకు చాపింది.

“నాకిది ఆఖరేడండి. ఆర్నెల్ల నుంచి రాసిత్తన్నానండి. ఒక్క ముక్కయినా చదివేరా అండి?” అంత మెత్తటి మనిషికి అంత కోపం వస్తుందని నేననుకోలేదు.

ఆయన కాగితం అందుకోబోయి, తల పక్కకి తిప్పి, పక్కనున్న గోడని చూస్తున్నట్టుగా ఆమెను చూశారు. నర్సు కదా, ఆ తిప్పడం ఏమిటో ఆమెకు ఇట్టే తెలిసిపోయింది. కోపం గొంతులోనే ఆగిపోయింది.

“నా మొహం కనబడతందా అండి?”

“చెవులు కనబడుతున్నాయి. జడ కనబడుతోంది. మొహం ఉండాల్సిన చోట మసక.” మళ్లీ ఆయనే అన్నారు. “కంటి నడిమి చూపు పోయిందన్నారు. మందు లేదన్నారు.”

“మరి చెప్పొచ్చు కదండీ!”

“నలభై ఏళ్లు దిద్దిన చేతులమ్మా ఇవి. కనబడటం లేదంటే ఇంక నేనెవర్ని?”

ఆ మాటకి నాకు ఏడుపొచ్చినంత పనైంది. గాటు లోతుగా ఎందుకు పెట్టమన్నారో అప్పుడు తెలిసింది నాకు. ఎవరైనా అయితే అయ్యో అని ఓదారుస్తారు. కెజియా ఓదార్చలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని, “మీరెవరో తర్వాత చూసుకుందారండి. నా పరీక్ష ఇరవై రెండ్రోజుల్లో ఉంది. నేను చదువుతాను, మీరినండి” అంది. సంచి అంతా వెతికి అసలు వ్యాసం బయటికి తీసింది.

అన్నాళ్లూ ఎన్ని వందల వ్యాసాల మీద పడ్డానో గాని, ఒక వ్యాసం లోపల ఏముంటుందో నేను వినడం అదే మొదలు. నిజం చెప్పాలంటే అంత గొప్పగా ఏమీ లేదు. సమాజం ఒక మహాయంత్రమనీ, అందులో ప్రతి పౌరుడూ ఒక చక్రమనీ మొదలైంది. రెండో వాక్యానికే మాస్టారు చెయ్యెత్తారు.

“ఇది నీ మాటేనా? గైడు మాటా?”

“ఆయ్, గైడేనండి.”

“అయితే పరీక్షకి నువ్వెందుకు, గైడునే పంపు.”

ఆమె బిత్తరపోయింది. తర్వాత నవ్వింది. చదువుతూ ఉంటే ఆయన ఆపుతూనే ఉన్నారు. అనేక సమస్యలు అన్నావు, ఎన్ని? ‘అందువల్ల’ అని మూడుసార్లు విన్నాను, ఒక్కదానికైనా ముందు కారణం చెప్పావా? ఈ వాక్యం చదవడానికి నీకే ఊపిరి చాల్లేదు, దిద్దేవాడికి చాలుతుందా? పేజీలో కంటికి దొరకనివి చెవికి దొరికిపోతున్నాయి. ఆయన ముఖంలోకి ఎంత వెలుగొచ్చిందో! చూపు పోయిందని మూల కూర్చున్న మనిషి, చెవులనే కర్రగా పట్టుకుని లేచారనుకోండి.

మర్నాడు క్లాసు మొదట్లో ఆయన నన్ను చేత్తో పైకెత్తి అందరికీ చూపించారు. నాకు తల కొట్టేసినట్టయింది. “నాకు అక్షరాలు కనబడటం లేదర్రా. ఏడాదిన్నరగా మీ వ్యాసాలు చదవకుండా ఈ ముద్ర కొట్టాను. తప్పు చేశాను. వెళ్లిపోయేవాళ్లు వెళ్లండి, నేనేమీ అనుకోను. ఉండేవాళ్లు ఈ ముద్రపడ్డ కాగితాలన్నీ తెచ్చి నాకు చదివి వినిపించండి, మొదట్నించీ చూద్దాం” అన్నారు. ముగ్గురు లేచి వెళ్లిపోయారు. వాళ్లని తప్పుపట్టను, పరీక్ష ముంచుకొస్తోంది. తాతాజీ వెళ్లలేదు. తలకాయ వంచుకుని పనసపొట్టు కూరతో సహా చదివాడు. మాస్టారు అంతా విని, “వ్యాసం మొత్తంలో నీకు తెలిసి రాసింది ఆ కూర ఒక్కటేరా” అన్నారు. వాడి మీద వాడికే నవ్వొచ్చింది.

అప్పటినుంచి నాకు పని లేదు. సొరుగులో పడేస్తారనుకున్నాను గాని, బల్ల మీదే వదిలేశారు. అందుకే కెజియా చివరి వ్యాసం కూడా వినగలిగాను.

పరీక్షకి నాలుగు రోజులుంది. ప్రభుత్వ లెక్కలను ఎంతవరకు నమ్మొచ్చు, అన్నది విషయం. ఆమె ఈసారి యంత్రాలూ చక్రాలూ ఎత్తలేదు. మూడేళ్ల కిందట ఒక వానరోజున ఉప్పుటేరు దాటి అవతలి పేటకి వెళ్లలేక, కేంద్రంలోనే కూర్చుని రిజిస్టర్లో ‘చూచితిని’ అని టిక్కు పెట్టానని రాసింది. లోవలక్ష్మి, ఎనిమిదో నెల, బీపీ నూట ఇరవై బై ఎనభై. ఆ అంకెలు తన బుర్రలోంచి వచ్చినవని రాసింది. వారానికల్లా లోవలక్ష్మి బీపీ పెరిగి ఫిట్సొచ్చి పడిపోయింది. పడవలో దాటించి పెద్దాసుపత్రికి తీసుకెళ్తే తల్లీ బిడ్డా దక్కారు. దక్కడం వాళ్ల అదృష్టం, తన పని కాదు అని రాసింది. పైవాళ్లకి చేరిన లెక్కలో మాత్రం ఆ నెల నూటికి నూరు ఇళ్లూ చూసినట్టే ఉంది. ఇదంతా చదివి, చివర ఒక పేరాలో నన్ను క్షమించండి, ఇంకెప్పుడూ ఇలా చెయ్యను అని ముగించింది. చదువుతూ చదువుతూ ఏడ్చింది.

ఆ రోజు ఆవిడ ఆయన్ని ఇంకా తిట్టకుండా కుర్చీ ఎందుకు లాక్కుందో నాకప్పుడు అర్థమైంది. ఆమె కూడా మా జాతే.

మాస్టారి కళ్లు తడిగా ఉన్నాయి. అయినా మాస్టారు మాస్టారే. “అంతా ఉంచు. చివరి పేరా కొట్టెయ్” అన్నారు.

“అదే కదండీ అసలుది?”

“నిన్ను క్షమించడానికి దిద్దేవాడెవడమ్మా? వాడికి నిజం చెప్పు చాలు. ఆ మాట చెప్పుకోవాల్సిన మనిషి పేటలో ఉంది.”

ఆమె పెన్ను తీసి ఆ పేరా అడ్డంగా కొట్టేసింది. కాగితం మీద పెన్ను గీసుకున్న చప్పుడు నాకు వినబడింది.

పరీక్ష రాసింది. రెండు నెలలకి మెట్లు టకటకా ఎక్కి వచ్చి, “సీటొచ్చిందండీ! వ్యాసంలో అరవై రెండండీ!” అంది. మాస్టారు లేచి నిలబడి ఆమె తల ఎక్కడుందో వెతుక్కుని, చెయ్యి పెట్టి దీవించారు. నాకు కాళ్లుంటే గంతులేసేవాణ్ణి. కాసేపయ్యాక ఆమె కూర్చుని, నెమ్మదిగా అంది: “పేటకెళ్లేనండి.”

“వెళ్లావా? ఏమంది?”

“అంతా చెప్పేనండి. మీ ఇంటికి రాకుండానే చూసినట్టు రాసేసేనండి, తప్పయిపోయింది అన్నానండి. ఆవిడేమో చేపలు కడుగుతా ఇని, ‘అయ్యో నర్సమ్మగారూ, మీరు రాలేదని నాకప్పుడే తెల్సు కదండీ. ఇంట్లో ఉన్నది నేనే కదా’ అందండి.”

“తర్వాతో?”

“చేతులు కడుక్కుని వచ్చి, మళ్లీ నాలుగో నెలండి, ఎలాగూ వచ్చేరు కదా చూడండి అని చెయ్యి చాపిందండి. చూసేనండి. నూట ముప్ఫై ఆరు బై ఎనభై ఎనిమిదండి. కొంచెం ఎక్కువే. రిజిస్టర్లో అదే రాసేనండి.”