కుట్టేసిన పట్టీ

“ఆ నీళ్ళలో తలకిందులైతే పైకెలా వస్తుందే?”

బస్సు దిగినప్పటి నుంచి నేనిలా అడగడం ఇది నాలుగోసారని మా చెల్లెలు లెక్కపెట్టి మరీ చెప్పింది. “అక్కా, పోటీ దానిది, చెమటలు నీకు. ఎలా రావాలో రెండేళ్ళుగా అది నేర్చుకుంటోంది. నువ్వు ముందు ఊపిరి పీల్చుకో.”

“అమ్మా, గట్టు మీద నిలబడి అరవకు. అంతే చాలు,” అంది మా అమ్మాయి. పదహారేళ్ళు దానికి. పడవను భుజానికెత్తుకుని, ఛాతీ మీద పదిహేడో నంబరు కట్టుకుని, వెనక్కైనా చూడకుండా పైకి వెళ్ళిపోయింది.

నేను ఏడో తరగతితో ఆగిపోయిన మనిషిని. ఒక బట్టల దుకాణం వెనక గదిలో కూర్చుని ప్యాంట్ల అంచులు మడుస్తాను, జిప్పులు మారుస్తాను, వదులైన నడుములు బిగిస్తాను. నాకు తెలిసిన నీళ్ళు కుళాయిలో వచ్చేవే. ఇక్కడి నీళ్ళు వేరు. పొడవాటి సిమెంటు కాలువ. పై చివర పెద్ద పంపులు తోడి పోస్తుంటే నీళ్ళు బండల మధ్య నుంచి తెల్లగా విరుచుకుపడుతూ వస్తాయి. పైన తీగలకు జంట కర్రలు వేలాడుతుంటాయి. వాటినే గేట్లంటారు. ఆకుపచ్చ కర్రల మధ్య నుంచి వాలున దిగిపోవాలి. ఎర్ర కర్రలైతే కిందికి పోయి, తిరిగి, నీటికి ఎదురెక్కాలి. కర్ర తగిలితే రెండు సెకన్లు కలుపుతారు, గేటు తప్పితే యాభై. చెల్లెలికి ఇదంతా ఒక్కసారి చెబితే అర్థమైంది. నాకు మాత్రం ప్రతి గేటూ నా కూతుర్ని మింగడానికి తెరిచిన నోరులా కనబడింది.

మా కళ్ళ ముందే ఒక కుర్రాడి పడవ తిరగబడింది. నేను చెల్లెలి చెయ్యి గిల్లేశాను. అది “అబ్బా!” అనేలోపే ఆ కుర్రాడు నీళ్ళ కిందనుంచే తెడ్డు ఊపి, పక్క మీద ఒత్తిగిలినంత సులువుగా పైకి లేచి, తల విదిల్చుకుని పోయాడు.

“చూశావా? వాడు లేచాడు. నా చెయ్యి మాత్రం కమిలింది.”

అమ్మాయి వంతు రావడానికి ఇంకా సమయముంది. ఆ రోజు పిల్లలతో వచ్చినవాళ్ళని కూడా పడవ ఎక్కిస్తున్నారు, పక్కనే కదలని నీళ్ళున్న మడుగులో. చెల్లెలు నా పేరు రాయించేసింది. నేను ససేమిరా అన్నాను. “నడుం లోతు నీళ్ళే అక్కా. ఒక్కసారి కూర్చుంటే నీ భయమేంటో నీకే తెలుస్తుంది,” అని రెక్క పట్టుకుని లాక్కెళ్ళింది.

అక్కడ నేర్పిస్తున్న కోచ్ నా చెల్లెలి వయసువాడు, మెడలో ఈల, నడుముకి వాకీటాకీ. నన్ను పడవలో కూర్చోబెట్టి, నా నడుముకి తొడిగిన రబ్బరు గుడ్డ అంచుని పడవ నోటి చుట్టూ బిగించాడు.

“దీన్ని స్కర్టు అంటామమ్మా. నీళ్ళు లోపలికి రాకుండా. ఇప్పుడు ముందుకి చూడండి. ఇదిగో, ఈ పట్టీ. తిరగబడి లేవలేకపోయారనుకోండి, దీన్ని పట్టుకుని ముందుకి లాగాలి. గుడ్డ ఊడుతుంది, మీరు బయటికొస్తారు. ఎంత మొనగాడికైనా ముందు నేర్పేది ఇదే.”

వంగి ఆ పట్టీని చూశాను.

నిన్న మధ్యాహ్నం అమ్మాయి స్కర్టు నా ఒళ్ళో ఉంది. అంచు దగ్గర కాస్త విచ్చింది, కుట్టి పెట్టమ్మా అని ఇచ్చి బడికి వెళ్ళింది. విచ్చినచోట కుట్టాను. అంతటితో ఊరుకున్నానా? నీళ్ళు దూరి పడవ మునుగుతుందేమోనని అంచులో ఎలాస్టిక్ ఇంకాస్త బిగించాను. ఆ పట్టీ వంకీలా పైకి లేచి ఊగుతుంటే, ఏ కర్రకైనా తగులుకుని పిల్లని గుంజేస్తుందనిపించింది. గుడ్డకి ఆనించి, నల్లదారంతో రెండు వరసలు కుట్టేశాను. చెబితే “నీకన్నీ భయాలే” అంటుందని చెప్పలేదు.

“అలా ఊగుతూ ఉంటే దేనికైనా తగులుకోదా బాబూ?” అన్నాను.

“చేతికి అందాలనే అలా వదిలేస్తాం.”

“బయల్దేరేముందు ఎవరైనా చూస్తారా?”

“చూడకుండా వదలరు. పట్టీ బయటే ఉందా లేదా అని ఒక మనిషి నిలబడి చూస్తాడు.”

బయటే ఉంటుంది. చూసే మనిషికి పట్టీ కనబడుతుంది, కుట్టు కనబడదు. ఇన్నేళ్ళుగా నాకు పని దొరుకుతున్నది ఆ కనబడని కుట్టు వల్లే.

మైకులో పదిహేను అన్నారు.

నేను లేవబోయాను. పడవలో కూర్చున్నానన్న సంగతే మరిచిపోయాను. మడుగు నా మీదికి తిరిగింది. ముక్కులోకి, చెవుల్లోకి నీళ్ళు. ఏది పైనో ఏది కిందో తెలియలేదు. కాళ్ళు పడవలో ఇరుక్కున్నాయి. గుడ్డని గోళ్ళతో గీరాను, జారిపోయింది. అప్పుడు చేతికి ఆ పట్టీ తగిలింది. లాగాను. ఒక్క ఊపుకి గుడ్డ ఊడింది, నేను బయటపడ్డాను. నిలబడితే నీళ్ళు నా నడుం దాకానే ఉన్నాయి.

గట్టు మీద చెల్లెలు పొట్ట పట్టుకుని నవ్వుతోంది. కోచ్ కూడా నవ్వుతూ చెయ్యి అందించాడు. నేను ఆ చెయ్యి వదల్లేదు.

“కుట్టేశాను.”

“ఏంటమ్మా?”

“పట్టీ. మా అమ్మాయిది. పదిహేడు. ఊడి రాదు. నేనే కుట్టేశాను.”

అతని మొహంలో నవ్వు ఎటు పోయిందో. వాకీటాకీ నోటికి ఆనించాడు. “పైన! పదిహేడుని ఆపండి. ఆపండి!”

గరగరమని శబ్దం. తర్వాత ఒక గొంతు, తాపీగా: “పదిహేడు ఇప్పుడే బయల్దేరింది.”

నేను చెప్పుల్లేకుండా పరిగెత్తాను. నా ముందు కోచ్, కాపాడటానికి గట్టున తాళ్ళతో నిలబడ్డవాళ్ళకి పరిగెడుతూనే వాకీటాకీలో అరుస్తున్నాడు: “తాళ్ళవాళ్ళూ, పదిహేడు స్కర్టు ఊడదు. తిరగబడితే తనే లేస్తుందని చూడొద్దు. దూకండి.”

మా అమ్మాయి ఎర్ర పడవ పైనుంచి వస్తోంది. ఒక ఆకుపచ్చ గేటు, ఇంకొకటి. అరిస్తే దానికి వినపడదు, ఆ నీటి హోరులో నా అరుపు నాకే వినపడలేదు. ఎర్ర గేటు దగ్గర తిరిగింది, నీటికి ఎదురెక్కింది, తల వంచి కర్ర తప్పించుకుంది. వదిలెయ్యవే, ఒడ్డుకి రావే అని గొణుక్కుంటున్నాను. నా తడిబట్టల్లోంచి నీళ్ళు కాళ్ళకింద కారుతున్నాయి. చెల్లెలు ఎప్పుడొచ్చిందో నా భుజం పట్టుకుని ఉంది, ఇప్పుడు నవ్వడం లేదు.

ఇంకో నాలుగు గేట్లు. పెద్ద వాలు దిగింది. దాని కింద నీరు సుడి తిరిగేచోట ఇంకో ఎర్ర గేటు. పడవ ముక్కు సుడిలోకి వెళ్ళింది, తోక నీటికి చిక్కింది. అంతే. పడవ అడుగు పైకి తేలింది.

తెడ్డు పైకి వచ్చింది. పడవ సగం లేచింది, మళ్ళీ పడింది. రెండోసారి తెడ్డొక్కటే లేచింది. తర్వాత అది కూడా దాని చేతిలోంచి పోయి నీటి వాలున కొట్టుకుపోయింది. ఒక చెయ్యి పడవ పక్కనుంచి బయటికొచ్చి గాలిని తడిమి, లోపలికి వెళ్ళిపోయింది. ఆ చెయ్యి ఎక్కడికి వెళ్ళిందో నాకు తెలుసు. వరసకి ఇరవై కుట్లు. రెండు వరసలు. చివర మూడు ముడులు.

నడుముకి తాడు కట్టుకున్న మనిషి అప్పటికే దూకాడు. ఒకసారి అందుకోబోయి తప్పాడు. రెండోసారి పడవ మీద అడ్డంగా పడి, అవతలి అంచు పట్టుకుని, తన బరువంతా వేసి తిప్పాడు. మా అమ్మాయి తల బయటికొచ్చింది. నోరు తెరిచి ఉంది. అప్పుడు దగ్గింది. ఆ దగ్గు విని నేను గట్టు మీద కూలబడ్డాను.

ఒడ్డున స్కర్టు ఊడదీయడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చింది.

ప్రథమ చికిత్స గదిలో ఒక మంచం, ఒక బల్ల, గోడకి ఆగిపోయిన గడియారం. డాక్టరు గుండె విని, వీపు తట్టి, ఊపిరి బాగానే ఉంది, కాసేపు కదలకుండా కూర్చోమని చెప్పి వెళ్ళింది. అమ్మాయి తువ్వాలు కప్పుకుని కూర్చుంది. దాని పెదాలింకా నీలంగానే ఉన్నాయి.

“పట్టీ లాగానమ్మా,” అంది. “నాలుగుసార్లు లాగాను. రాలేదు. ఎందుకు రాలేదో...”

“నేను కుట్టేశానే.” ఒక్క ముక్కలో చెప్పేశాను. ఎందుకు కుట్టానో కూడా చెప్పాను. చెబుతుంటేనే ఎంత తెలివితక్కువగా ఉందో తెలిసింది.

అది నా వైపు చూసింది. తర్వాత నేల వైపు చూసింది.

చెల్లెలు మా ఇద్దర్నీ వదిలి బయటికి వెళ్ళిపోయింది.

కోచ్ వచ్చి ఆ స్కర్టుని మంచం మీద పెట్టాడు. “అందరికీ రెండో పరుగు ఉంటుంది. ఇంకా గంటన్నర టైముంది. డాక్టరు మళ్ళీ చూసి సరేనంటేనే. వెళ్తావా లేదా అన్నది నీ ఇష్టం, నిన్నెవరూ ఒక్క మాట అనరు. వెళ్తానంటే నా దగ్గర ఇంకో స్కర్టుంది, ఇస్తాను,” అన్నాడు. నా వైపు చూడలేదు. మంచి మనిషి కాబట్టి చూడలేదు.

అతను వెళ్ళాక, ఇంటికి పోదాం పదవే అని నాలుక చివరిదాకా వచ్చింది. ఈ ఆట వద్దు, ఈ నీళ్ళు వద్దు, ఈ రోజు ఎవరూ కాదనరు. కానీ దాన్ని నీళ్ళకింద పట్టి ఉంచింది నీళ్ళు కాదు. ఆ మాట అనే నోరు నాకు లేదు.

“వెళ్తావా?” అన్నాను.

తువ్వాలు ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

“ఆయన వేరేది ఇస్తానన్నాడు. అడిగి తేనా?”

బయట మైకులో ఇరవై నాలుగు అన్నారు, ఇరవై అయిదు అన్నారు. జనం కేకలు వినపడ్డాయి, ఆగిపోయాయి. దాని జుట్టులోంచి కారే నీళ్ళు సిమెంటు నేల మీద చిన్న మడుగు కట్టాయి. తుడుద్దామని చెయ్యి చాచి, వెనక్కి తీసుకున్నాను. ఇరవై ఎనిమిది అన్నారు. ముప్పై అన్నారు. కొట్టినా బాగుండును, తిట్టినా బాగుండును అనుకున్నాను.

ముప్పై రెండు అన్నప్పుడు అది స్కర్టుని దగ్గరికి లాక్కుంది. పట్టీ మీద వేలు పెట్టి, నా కుట్టు ఎక్కడ మొదలైందో వెతికింది. దొరకలేదు. దాన్ని తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

“నువ్వే విప్పు,” అంది. “విప్పాక, నేను చూస్తుండగా నువ్వే లాగి చూపించు.”